జీపు చప్పుడుకు ఉలిక్కిపడే తల్లులు

ములుగు, భద్రాద్రి జిల్లాల్లో మిర్చి ఏరే కూలీల్లో, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయ ఆదివాసీ ఆడవాళ్లు కనిపిస్తారు. చంటిబిడ్డను ఒంటికి కట్టుకుని, పొద్దుగూకే దాకా వంచిన నడుం ఎత్తరు. చేను పక్కన జీపు చప్పుడైతే మాత్రం చేతులు ఆగిపోతాయి. పిల్లలెక్కడున్నారో ముందు చూసుకుంటారు. ఆ వచ్చింది రైతు చుట్టమే కావచ్చు. ఊరు తగలబడిన రాత్రి ఆ తల్లికి ఇంకా తెల్లారలేదు.

2005లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతంలో, మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం మొదలయ్యాక వేల కుటుంబాలు సరిహద్దు దాటి మన అడవుల్లోకి వచ్చి పడ్డాయి. ఊళ్లో ఉంటే మావోయిస్టులని జుడుం కొట్టింది, జుడుం క్యాంపుకు పోతే ఇన్‌ఫార్మర్లని మావోయిస్టులు చంపారు. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అప్పటికే పారిపోయి వచ్చినవాళ్ల ఇళ్లు తిరిగి లేవలేదు.

అక్కడే ఉండిపోయినవాళ్లకూ నిద్ర లేదు. 2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సార్కెగూడలో భద్రతా బలగాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు, వారిలో పిల్లలూ ఉన్నారు. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి చేరామని ఊరివాళ్లు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. చనిపోయినవారు మావోయిస్టులనడానికి ఆధారం లేదని న్యాయ విచారణ కమిషన్ తేల్చిన సంగతి బయటపడేసరికి 2019 వచ్చింది. 2017లో బుర్కాపాల్ దగ్గర మావోయిస్టులు 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను చంపారు. ఆ జవాన్ల ఇళ్లలోనూ తల్లులు, పసిపిల్లలు ఉన్నారు. ఆ కేసులో జైలుపాలైన 121 మంది ఆదివాసీలు 2022లో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఐదేళ్లు ఇల్లు ఈడ్చినవాళ్లు ఆడవాళ్లే.

ఇప్పుడు మావోయిస్టు ఉద్యమం బాగా బలహీనపడింది. లొంగిపోయినవారికి డబ్బు, ఉపాధి శిక్షణ ఇస్తున్నారు. మంచిదే. చిన్నతనంలోనే మావోయిస్టుల బాలసంఘంలో చేరి, తోటివాళ్ల శవాలు చూసిన అమ్మాయికి మాత్రం కుట్టుమిషన్ ఒక్కటే సరిపోదు. మనసుకు తగిలిన దెబ్బను ఈ ఆడవాళ్లు మాటల్లో చెప్పరు. తలనొప్పి అంటారు, ఒళ్లునొప్పులంటారు, నిద్ర పట్టడం లేదంటారు. భద్రాచలం ఏరియా ఆస్పత్రికి సరిహద్దు అవతలి నుంచీ రోగులు వస్తారు. డాక్టరుకు కోయ భాష రాకపోతే, ఆమెకు తెలుగు రాకపోతే, నొప్పి మాత్రలతోనే వైద్యం అయిపోతుంది. మానసిక వైద్యం ప్రతి ఒక్కరి హక్కని 2017 చట్టం అంటోంది. మానసిక సాయానికి 14416 అనే ఫోన్ నంబరూ ఉంది. సిగ్నలే అందని గూడెంలో ఆ నంబరుతో ఏం చేసుకోవాలి?

అసలు ఈ గాయం మానాలంటే ముందు భయం పోవాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలైన ఈ జనానికి తెలంగాణలో ఆ గుర్తింపు లేదు. పోడు చేసుకునే చోటు ఎప్పుడు ఖాళీ చేయమంటారోనన్న టెన్షన్ రోజూ ఉంటుంది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ అధికారి హత్యకు గురయ్యారు. అది ఘోరం, దోషులకు శిక్ష పడాల్సిందే. అయితే ఆ తర్వాత గూడెం మొత్తాన్ని వెళ్లగొట్టాలని గ్రామసభ తీర్మానించింది. ఆ గూడెంలో పుట్టి పెరిగిన పసివాళ్లు ఏ ఊరికి తిరిగి వెళ్లాలి?

రెండు తెలుగు రాష్ట్రాలూ ఛత్తీస్‌గఢ్‌తో కూర్చుని వీళ్ల గుర్తింపు సంగతి తేల్చాలి. అప్పటిదాకా, వేరే చోటు చూపకుండా ఒక్క గుడిసెనూ కూల్చకూడదు. కోయ మాట్లాడే అమ్మాయిలనే ఎంపిక చేసి, బాధితుల మాట ఓపిగ్గా వినడంలో, అవసరమైనవారిని డాక్టరు దాకా చేర్చడంలో శిక్షణ ఇవ్వాలి. మానసిక వైద్యులు నెలకోసారైనా గూడేలకు కదలాలి. గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏలు ఇందుకు కొత్త చట్టం కోసం చూడనక్కర్లేదు. వచ్చే మిర్చి సీజన్‌కల్లా చేల దగ్గరికే కోయ వచ్చిన నర్సును పంపడంతో మొదలుపెట్టవచ్చు.