1.78 దగ్గర తెగని లెక్క

జూనియర్ కాలేజీలో జవాబు పత్రాలు దిద్దుతున్న ఇద్దరు రసాయనశాస్త్ర అధ్యాపకుల మధ్య జరిగిన వాదం ఇది. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లోని బంధం ఏ రకానిదో కారణంతో చెప్పమన్న రెండు మార్కుల ప్రశ్నకు ఒక విద్యార్థి ఇలా రాశాడు: ‘ఫ్లోరిన్ రుణవిద్యుదాత్మకత 3.98, హైడ్రోజన్‌ది 2.20. తేడా 1.78. ఇది 1.7ను మించింది కాబట్టి అయానిక బంధం.’ రుణవిద్యుదాత్మకత అంటే బంధంలోని ఎలక్ట్రాన్లను ఒక పరమాణువు తన వైపు ఎంతగా లాక్కుంటుందో చెప్పే సంఖ్య.

మాస్టారు: దీనికి సున్నా తప్ప వేయడానికి ఏమీ లేదు. హైడ్రోజన్ ఫ్లోరైడ్ 19.5 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోయే పదార్థం. సోడియం ఫ్లోరైడ్ కరగాలంటేనే 990 డిగ్రీలు దాటాలి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టిన వాడికి మార్కు ఎలా వేస్తాం?

మేడమ్: కట్టింది వాడు కాదు మాస్టారూ, మనం. తేడా 1.7 దాటితే ఎలక్ట్రాన్ చేతులు మారిన అయానికం, దాటకపోతే ఎలక్ట్రాన్లను పంచుకున్న సమయోజనీయం అని బోర్డు మీద గీత గీసి చెప్పాం. వాడు తీసివేత తప్పు చేయలేదు, గీతనూ మరిచిపోలేదు. తప్పు గీతలోనే ఉంది కనుక నేనైతే రెండు మార్కులూ వేస్తాను.

మాస్టారు: ఒక మినహాయింపు కనబడగానే సూత్రాన్నే తప్పు పడితే రసాయనశాస్త్రంలో మిగిలేది ఏముంటుంది?

మేడమ్: ఒక్కటైతే మినహాయింపే అనుకుందును. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో తేడా 1.94, అయినా అది వాయువు. సిలికాన్ టెట్రాఫ్లోరైడ్‌లో 2.08, అదీ వాయువే. అటు చూస్తే సోడియం హైడ్రైడ్‌లో తేడా 1.27 మాత్రమే, కానీ అది ఉప్పు స్ఫటికం లాంటి అమరికలో సోడియం, హైడ్రైడ్ అయాన్లున్న ఘనపదార్థం. గీతకు రెండు వైపులా లెక్క తప్పుతుంటే దాన్ని సూత్రం అనడం ఎందుకు?

మాస్టారు: గీత సంగతి కాసేపు పక్కన పెట్టండి. అసలు ఆ సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. 1932లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ వాటిని బంధ శక్తుల నుంచి రాబట్టాడు. హైడ్రోజన్ అణువులో బంధ శక్తి మోలుకు 436 కిలోజౌళ్లు, క్లోరిన్ అణువులో 242, సగటు 339. హైడ్రోజన్, క్లోరిన్‌లు ఎలక్ట్రాన్లను సమానంగా పంచుకుంటే వాటి మధ్య బంధానికి దాదాపు అంతే శక్తి ఉండాలి. కొలిస్తే 431 వచ్చింది. పైన మిగిలిన 92 కిలోజౌళ్లు ఆ పంపకం సమానంగా లేదనడానికి సాక్ష్యం. దాన్ని ఎలక్ట్రాన్ వోల్టులుగా మార్చడానికి 96.5తో భాగించి వర్గమూలం తీస్తే 0.98 వస్తుంది. పట్టికలో క్లోరిన్‌కున్న 3.16 నుంచి హైడ్రోజన్‌కున్న 2.20 తీసివేస్తే 0.96. ఇది గాలిలోంచి పుట్టిన అంకె కాదు.

మేడమ్: అంకెల మీద నాకు తగాదా లేదు. నిజానికి పాలింగ్ సూత్రం ప్రకారం 1.7 అంటే బంధంలో అయానిక స్వభావం దాదాపు సగం అని మాత్రమే అర్థం. అది వాలు మీద నాటిన ఒక రాయి. దాన్ని మనం ప్రహరీగోడ చేశాం.

మాస్టారు: వాలు అని మీరే ఒప్పుకున్నారు కదా. ఆ వాలు ఎంత నమ్మకమైనదో హైడ్రోజన్ హాలైడ్లను, అంటే ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్‌లతో హైడ్రోజన్ సమ్మేళనాలను చూస్తే తెలుస్తుంది. ఫ్లోరైడ్ నుంచి అయొడైడ్ వరకు తేడాలు 1.78, 0.96, 0.76, 0.46గా తగ్గుతాయి. అణువులో ధన, రుణ ఆవేశాలు ఎంత విడిపోయాయో చెప్పే ద్విధ్రువ భ్రామకాలను డిబై అనే ప్రమాణంలో కొలిస్తే, అవీ 1.83, 1.11, 0.83, 0.45 డిబైలుగా అదే వరసలో తగ్గుతాయి. ప్రయోగశాల అవసరం లేకుండా ఒక తీసివేతతో ఇంత చెప్పగలిగే పనిముట్టు పిల్లవాడికి ఇంకేముంది?

మేడమ్: మీరు ఎంచుకున్నది దాని సొంత ఊరు మాస్టారూ, రెండే పరమాణువులు, అందులో ఒకటి ఎప్పుడూ హైడ్రోజనే. ఊరు దాటించి చూద్దాం. కార్బన్ మోనాక్సైడ్‌లో తేడా 0.89. అంటే అణువుకు గట్టి ధ్రువత్వం, రుణ కొస ఆక్సిజన్ వైపు ఉండాలి. కొలిస్తే భ్రామకం 0.11 డిబై, పైగా రుణ కొస కార్బన్ వైపు! ఫాస్ఫీన్‌లో తేడా 0.01, లేనట్టే లెక్క. అయినా ఆ అణువు భ్రామకం 0.58 డిబై.

మాస్టారు: అక్కడ మీరు బంధాన్ని అడగాల్సిన ప్రశ్న అణువును అడుగుతున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌లో బంధ ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ వైపే ఒరిగి ఉంటాయి. అయితే కార్బన్ మీద బయటికి పొడుచుకువచ్చిన ఒంటరి జంట, అంటే బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ల జంట, అణువు మొత్తం లెక్కను తిప్పేస్తుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణం తీసేటప్పుడు హీమోగ్లోబిన్‌లోని ఇనుమును పట్టుకునేది ఆ కార్బన్ కొసే. ఫాస్ఫీన్‌లోనూ ఒంటరి జంటదే ప్రధాన పాత్ర. రుణవిద్యుదాత్మకత చెబుతానని అనని దాన్ని చెప్పలేదని నిందించడం న్యాయం కాదు.

మేడమ్: నా ఫిర్యాదే అది. దానికి తెలియనిదేదో మనం పిల్లలకు చెప్పడం లేదు. అమ్మోనియా, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ రెండూ పిరమిడ్ ఆకారాలే. బంధాల్లో తేడాలు 0.84, 0.94. పట్టిక మాత్రమే చూసినవాడు రెండోదానికే ఎక్కువ ధ్రువత్వం అంటాడు. కానీ అమ్మోనియాకు 1.47 డిబైలు, రెండోదానికి 0.23 మాత్రమే. అమ్మోనియాలో బంధాల లాగుడూ ఒంటరి జంటా ఒకే దిక్కున కలుస్తాయి, రెండోదానిలో ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి.

మాస్టారు: సరే. ఒక బంధంలో ఎలక్ట్రాన్లు ఎటు ఒరుగుతాయో, ఒకే తరహా బంధాల్లో ఏది ఎక్కువ ఒరుగుతుందో చెప్పడానికి తీసివేత చాలు. అణువు ధ్రువత్వానికి ఆకారమూ ఒంటరి జంటలూ కావాలి. అయానికమా కాదా అన్న తీర్పు పదార్థం గుణాలను చూడకుండా ఇవ్వకూడదు. ఇంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఈ పేపరుకు రెండు మార్కులు మాత్రం ఒప్పుకోను. హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుందో వాడు అదే పాఠంలో హైడ్రోజన్ బంధాల దగ్గర చదివాడు.

మేడమ్: అయితే తీసివేతకు ఒకటి వేయండి. నేను మిగిలిన కట్టలో ఇదే జవాబు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడతాను.

మాస్టారు: వద్దులెండి, ఇప్పటికే పదకొండు చూశాను.