కిలోమీటరుకు రూపాయిన్నర సరే, మీరు తిరిగేది ఎన్ని కిలోమీటర్లు?

కారు ముచ్చట మొదలైతే చాలు, ఒకరు "ఈవీ తీస్కో, కరెంటు కారైతే కిలోమీటరుకు రూపాయిన్నరే" అంటారు. ఇంకొకరు "పెట్రోలు కారు మూడు లక్షలు తక్కువకొస్తుంటే ఆ గోలెందుకు" అంటారు. ఇద్దరూ ఒకే సమీకరణంలోంచి చెరో ముక్క పట్టుకుని కొట్టుకుంటున్నారు. తొమ్మిదో తరగతి గ్రాఫు కాగితం మీద గీసిన సరళరేఖే ఇది:

మొత్తం ఖర్చు = ధ + (ఖ × క)

ధ ఆన్‌రోడ్ ధర (ట్యాక్సు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపింది), ఖ కిలోమీటరు ఖర్చు, క తిరిగిన కిలోమీటర్లు. పెట్రోలు గీత కింద మొదలై గబగబా ఎక్కుతుంది. ఈవీ గీత పైన మొదలై నింపాదిగా ఎక్కుతుంది. రెండూ ఎక్కడ కలుస్తాయో తెలియాలంటే ధరల తేడాను కిలోమీటరు ఖర్చుల తేడాతో భాగించాలి. లెక్క అంతే. తప్పులన్నీ అందులో వేసే అంకెల్లో జరుగుతాయి.

హైదరాబాద్‌లో పెట్రోలు కారు ఆన్‌రోడ్ 10 లక్షలు, ఈవీ 13 లక్షలు అనుకుందాం. (తేడా మూడు లక్షలకే ఆగడానికి ఒక కారణం, తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా ఈవీలకు ఇచ్చిన రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు. అది తీసేస్తే ధ మారుతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.)

ముందు పెట్రోలు. బ్రోషర్‌లో ఉన్న 20 మైలేజీ వేయకండి. డ్యాష్‌బోర్డు చూపించేదీ నమ్మకండి, అది కాస్త ఉదారంగానే చెబుతుంది. గన్ మొదటిసారి తనంతట తాను ఆగే వరకు ట్యాంకు నింపండి, ఓడోమీటర్ రీడింగ్ రాసుకోండి. తర్వాత నింపినప్పుడూ అక్కడే ఆపండి. ఇలా మూడు నాలుగు ట్యాంకులు చూసి, మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించండి. ఒక్కో ట్యాంకు మైలేజీ తీసి వాటికి సగటు కడితే తప్పు. సిటీలో 15 వచ్చిందనుకుందాం. లీటరు 107 రూపాయలైతే కిలోమీటరుకు 7.13.

అన్నట్టు, మైలేజీ భిన్నంలో కింద కూర్చుంటుంది. అందుకే 12 నుంచి 15కు పెరిగితే 10,000 కిలోమీటర్లకు 167 లీటర్లు మిగులుతాయి. 20 నుంచి 25కు పెరిగితే మిగిలేది వంద లీటర్లే. ఐదు పెరగడం కన్నా మూడు పెరగడమే లాభం! ఇప్పటికే 20 ఇచ్చే కారు పక్కనపెట్టి, 25 ఇచ్చేదానికి లక్షన్నర అదనంగా పెట్టేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

ఇక ఈవీ. ఇక్కడ అందరూ చేసే తప్పు కరెంటు రేటు దగ్గర. నెల బిల్లును యూనిట్లతో భాగించి "మా యూనిట్ ఐదు ఎనభై" అంటారు. ఆ సగటుతో మనకేం పని? కారు యూనిట్లు ఇంటి వాడకం మీద, పై శ్లాబులో పడతాయి. ఇల్లు నెలకు 280 యూనిట్లు వాడుతోందనుకోండి. తెలంగాణ శ్లాబుల్లో 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున, 201 నుంచి 300 దాకా 7.70, 301 నుంచి 400 దాకా 9.00, 401 నుంచి 800 దాకా 9.50. ఏడాదికి 8,000 కిలోమీటర్లంటే కారుకు నెలకు సుమారు 108 యూనిట్లు (యూనిట్‌కు 6.2 కిలోమీటర్ల లెక్కన, అదెలా వచ్చిందో కింద చెబుతా). అందులో 20 యూనిట్లు 7.70 దగ్గర, మిగతా 88 తొమ్మిది దగ్గర పడతాయి. 946 రూపాయలు, అంటే యూనిట్ 8.76. సుంకంతో కలిపి గుండుగుత్తగా 9 వేసుకోండి. గృహజ్యోతిలో (రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా తెలంగాణ ఇచ్చే ఉచిత కరెంటు పథకం) జీరో బిల్లు వస్తున్న ఇల్లయితే, 200 దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాలి. ఆ బిల్లు కూడా కారు ఖాతాలోనే రాయాలి. (కారు కొనే ఇంటికి రేషన్ కార్డు ఎలా ఉందన్నది వేరే పోస్టు.)

ఇంకోటి, మీటరులో తిరిగిన యూనిట్లన్నీ బ్యాటరీలోకి చేరవు. చార్జింగ్‌లో పది పదిహేను శాతం వేడిగా పోతుంది. కారు యూనిట్‌కు 7 కిలోమీటర్లు చూపిస్తే, మీటరు లెక్కన అది 6.2. తొమ్మిదిని 6.2తో భాగిస్తే 1.45. రూపాయిన్నర మాట నిజమే. కాకపోతే అది ఇంట్లో ప్లగ్ ఉన్నవాళ్లకు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోక బయట ఫాస్ట్ చార్జర్ల మీద ఆధారపడితే యూనిట్ 22 అనుకుంటే కిలోమీటరుకు 3.55 అవుతుంది.

3,00,000 ÷ (7.13 − 1.45) = దాదాపు 52,800 కిలోమీటర్లు. ఇక్కడిదాకా వచ్చి యూట్యూబ్ వీడియోలన్నీ ఆగిపోతాయి.

ఆ మూడు లక్షలు ఎక్కడివి? లోనే కదా. 9 శాతం వడ్డీ, 60 నెలలైతే ఆ అదనపు మూడు లక్షలకే ఈఎంఐ 6,227, మొత్తం 3,73,600. అంటే 74 వేలు వడ్డీ. చేతిలో డబ్బు పెట్టినా ఎఫ్‌డీ వడ్డీ పోయినట్టే. తర్వాత రీసేల్. ఏడేళ్లకు పెట్రోలు కారు 4 లక్షలకు, ఈవీ 3.5 లక్షలకు పోయిందనుకుంటే తేడా ఇంకో 50 వేలు పెరుగుతుంది. ఈవీ బ్యాటరీలకు మామూలుగా ఉండే 8 ఏళ్ల వారంటీలో అప్పటికి ఏడాదే మిగులుతుంది, కొనేవాడు బేరం అక్కడే మొదలుపెడతాడు. ఈవీకి సర్వీసు తక్కువ, ఇన్సూరెన్స్ ఎక్కువ, ఆ రెండూ చెల్లుకు చెల్లు అనుకుందాం. మీ కొటేషన్‌లో చెల్లకపోతే ఆ తేడాను ఏడుతో గుణించి కలపండి.

ఇప్పుడు అసలు తేడా 4.24 లక్షలు. 5.68తో భాగిస్తే 74,600 కిలోమీటర్లు. ఏడాదికి 15,000 తిరిగేవాళ్లు ఐదేళ్లలో అక్కడికి చేరతారు, ఏడేళ్లకు లక్షా డెబ్బై వేలు మిగులుతుంది. 8,000 తిరిగేవాళ్లు ఏడేళ్లకు 56,000 దగ్గరే ఉంటారు, లక్ష పైన నష్టం. కారు అదే, కరెంటు అదే, మారింది క ఒక్కటే.

పెట్రోలు వైపు కూడా ఒక గుంట ఉంది. లైఫ్ ట్యాక్స్ (కొన్నప్పుడు ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్) గీతలా ఎక్కదు, మెట్టులా ఎక్కుతుంది. 2022 మే నాటి తెలంగాణ శ్లాబుల్లో 5 నుంచి 10 లక్షల దాకా 14 శాతం, 10 నుంచి 20 లక్షల దాకా 17 ఉండేది, అదీ మొత్తం ధర మీద. ఆ లెక్కన ఎక్స్‌షోరూమ్ ధర (ట్యాక్సు, ఇన్సూరెన్స్ కలపక ముందుది) 9.99 లక్షలకు ట్యాక్స్ 1,39,860. 10.01 లక్షలకు 1,70,170. రెండు వేల యాక్సెసరీ బిల్లులో కలిపితే ముప్పై వేలు గోవిందా. దాన్ని బయట వేయించుకోండి.

ఏడేళ్లు ఉంచుకునే లెక్కలో ఇంటి చార్జింగ్ ఉంటే గీటురాయి ఏడాదికి సుమారు 10,700 కిలోమీటర్లు. బయట చార్జింగే గతి అయితే 16,900. మీ సంఖ్య ఊహించకండి, అందరం ఎక్కువే చెప్పుకుంటాం. పాత కారు ఓడోమీటర్ రీడింగును దాని వయసుతో భాగించండి. కింద వచ్చినా ఈవీయే కావాలంటే హాయిగా కొనుక్కోండి, నడపడానికి బాగుంటుంది. పొదుపు కోసమని మాత్రం ఇంట్లో చెప్పకండి.