పోలీసులకు మాత్రమే తెరుచుకునే తాళం లేదు

"మెసేజ్ యాప్‌ల ఎన్‌క్రిప్షన్ నేరస్తులను దాస్తోంది. పోలీసులకు మాత్రమే ఒక మారు తాళంచెవి ఇస్తే చాలు. తప్పు చేయనివారికి భయమెందుకు?" అనే సందేశం గ్రూపు నుంచి గ్రూపుకు తిరుగుతోంది. పంపుతున్నవారి ఆందోళన నిజమే. అందులోని మాటలు మాత్రం నిలబడవు. ఎన్‌క్రిప్షన్ అంటే, పంపినవారూ అందుకున్నవారూ తప్ప దారిలో ఎవరూ చదవలేని రూపంలోకి సందేశాన్ని మార్చడం.

"పోలీసులకు మాత్రమే" అన్నదే అసలు చిక్కు. తనను తిప్పుతున్నది ఎవరి చెయ్యో తాళానికి తెలియదు. గ్రీస్‌లో ఏం జరిగిందో చూడండి. అధికారులు చట్టప్రకారం ఫోన్లు వినేందుకు ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ అక్కడి వోడాఫోన్ ఎక్స్చేంజీల్లో ఉండేది. 2004లో ఎవరో చొరబడి దాన్నే రహస్యంగా నడిపించారు. ప్రధాని కోస్తాస్ కరమన్లిస్ సహా 100 మందికి పైగా ఫోన్లను నెలల తరబడి విన్నారు. ఏ కోర్టూ అనుమతి ఇవ్వలేదు. 2005 జనవరిలో కొన్ని ఎస్సెమ్మెస్‌లు చేరడం లేదని ఫిర్యాదులొచ్చాయి. కారణం వెతుకుతూ పోతే, చొరబడినవారు అందుకోసం పెట్టిన దొంగ ప్రోగ్రాం దొరికింది. ఆ ఎస్సెమ్మెస్‌లు సవ్యంగా చేరి ఉంటే ఇంకెంతకాలం వినేవారో!

అది పాత కథ అనుకోవద్దు. 2024లో హ్యాకర్లు అమెరికా టెలిఫోన్ కంపెనీల్లోకి చొరబడి, కోర్టు ఉత్తర్వులతో దర్యాప్తు సంస్థలు కోరిన సమాచారంలో కొంత కాపీ చేసుకున్నారు. ఆ డిసెంబరులో అక్కడి ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థే, ముప్పు ఎక్కువగా ఉన్న అధికారులూ నాయకులూ ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లనే వాడాలని సూచించింది.

ఎన్‌క్రిప్షన్ నేరస్తులను దాస్తోందా? కొన్ని ఆధారాలు చేజారుతాయి, కాదనను. అయితే అది కాపాడేది దారిలో ఉన్న సందేశాన్నే. అందుకున్నవారు దాన్ని చదవగలరు, ఫిర్యాదుకు జతచేయగలరు. స్వాధీనం చేసుకున్న ఫోన్‌లోనూ దొరకవచ్చు. మామూలు ఎస్సెమ్మెస్‌కైతే ఆ రక్షణే లేదు.

ఇక "తప్పు చేయనివారికి భయమెందుకు?" ఈ ప్రశ్న వింటే నాకు కోపం వస్తుంది. భర్త కొట్టే దెబ్బలు భరించలేక ఒకామె అక్కకు మెసేజ్ పెడుతుంది: "రేపు తెల్లవారుజామున పిల్లలతో వచ్చేస్తున్నాను. ఎవరికీ చెప్పకు." ఆమె ఏ తప్పూ చేయలేదు. అయినా ఆ రెండు వాక్యాలు తెల్లవారేవరకూ మూడో మనిషి కంట పడకూడదు. ఆ భర్త పోలీసు ఉద్యోగే అయితే, ఈ మారు తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుంది?