భూటాన్‌ని మెచ్చుకోండి, నేపాల్‌ని తిట్టకండి

ఇన్‌స్టా తెరిస్తే చాలు, పారో లోయలో అద్దెకు తెచ్చిన గో, అదే భూటాన్ మగవాళ్ల అంగీ, వేసుకుని నిలబడ్డ మనవాళ్లే. వెనకాల కొండ అంచున తక్త్‌సంగ్ మఠం, పైన "ప్రపంచంలోనే అతి సంతోషకరమైన దేశం" అని క్యాప్షన్. అక్కడితో ఆగితే నాకేం బాధ లేదు. కింద కామెంట్లలో ఎవడో ఒకడు వచ్చి "నేపాల్‌ని చూడండి, అదీ హిమాలయమే ఇదీ హిమాలయమే, ఎంత తేడా, వాళ్లకు చేతకాదు" అంటాడు, దానికి వందల లైకులు. మొన్న మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో కూడా ఇదే నడిచింది. రెండు మూడు మెసేజ్‌లు పెట్టాను, కోపం తీరలేదు, ఇదిగో ఇక్కడికొచ్చి పడ్డాను. పొడుగవుతుంది, ఓపిక ఉంటేనే చదవండి.

నేను రెండూ చూశాను. 2019లో అమ్మను తీసుకుని నేపాల్‌లోని ముక్తినాథ్ వెళ్లాను, కిందటేడు నేనూ మా ఆవిడా మా పద్నాలుగేళ్ల పిల్లాడూ భూటాన్ వెళ్లాం. రెండు ట్రిప్పులతో దేశాలు అర్థమైపోతాయని నేను అనను, కానీ ఒక్క రీల్‌తో అర్థమైపోయిందనే వాళ్ల కంటే కాస్త నయం కదా.

ముందు ఆ "సంతోషం" సంగతి తేల్చేద్దాం. 2019 ప్రపంచ ఆనంద నివేదికలో భూటాన్ 95వ స్థానం, నేపాల్ 100. అంతే తేడా. ఐదు మెట్లు. (మనం 140, అది వేరే ఏడుపు.) స్థూల జాతీయ ఆనందం అనేది 1970లలో నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ పెట్టుకున్న లక్ష్యం, డబ్బు లెక్క ఒక్కటే చూడం, జనం బాగోగులు కూడా కొలుస్తాం అని. మంచి ఆలోచనే. కానీ లక్ష్యం పెట్టుకోవడం వేరు, చేరుకున్నామని చెప్పుకోవడం వేరు. నిజానికి భూటాన్ వాళ్లు అంత గట్టిగా చెప్పుకోరు కూడా, మన ట్రావెల్ పేజీలే చెబుతాయి.

భూటాన్ బాగోలేదని నేను చెప్పడం లేదు. బ్రహ్మాండంగా ఉంది. రాజధాని థింఫూలో ట్రాఫిక్ సిగ్నల్ లేదు, చౌరస్తాలో చెక్క మండపంలాంటి దాంట్లో నిలబడి పోలీసాయన డాన్స్ చేస్తున్నట్టు చేతులు ఊపుతాడు, అందరూ వింటారు, హారన్ కొట్టరు. మా పిల్లాడు అరగంట అక్కడే నిలబడ్డాడు. వైద్యం ఉచితం, అక్కడ కుదరకపోతే సర్కారే మన దేశంలోని ఆస్పత్రులకు పంపిస్తుంది. దేశంలో 60 శాతం అడవి ఎప్పటికీ ఉండి తీరాలని రాజ్యాంగంలో రాసుకున్నారు, ఉన్నది అంతకంటే ఎక్కువే. గంగ్‌ఖర్ ప్యున్‌సుమ్ అని 7,570 మీటర్ల శిఖరం ఉంది, ఇప్పటివరకూ ఎవరూ ఎక్కలేదు, కొండలు దేవతల ఇళ్లని నమ్మే జనం కాబట్టి 2003 నుంచి పర్వతారోహణే నిషేధించారు. అటు ఎవరెస్ట్ మీద ఆక్సిజన్ సిలిండర్లు, చిరిగిన టెంట్లు, శిఖరం దగ్గర క్యూ. ఈ ఒక్క విషయంలో నేను భూటాన్ పార్టీనే, వాదన లేదు.

కానీ కొండ ఎక్కనివ్వకుండా ఉండగలగడం కూడా ఒక స్తోమతే. అక్కడే మనవాళ్ల పోలిక తప్పుతుంది. భూటాన్ జనాభా ఎనిమిది లక్షల లోపు, మన వరంగల్ నగరంలో సరిపోతారు. నేపాల్ జనాభా 2021 లెక్కల్లో 2.9 కోట్లు. 124 మాతృభాషలు నమోదయ్యాయి, కులాలూ జాతులూ కలిపి 142. పైగా ఈ రెండూ ఇరుగుపొరుగు అంటాం గానీ సరిహద్దు కలవదు, మధ్యలో మన సిక్కిం, డార్జిలింగ్ ఉన్నాయి. చిన్న కుటుంబం ఉన్న ఇల్లు నీట్‌గా ఉందని, పాతిక మంది ఉండే ఉమ్మడి కుటుంబం వంటింటికి వెళ్లి ముక్కు మూసుకున్నట్టుంది ఈ వ్యవహారం.

భూటాన్ డబ్బులో పెద్ద వాటా నీళ్లది. చుఖా 336 మెగావాట్లు, తాలా 1,020 మెగావాట్లు, ఈ రెండూ మన దేశం కట్టిపెట్టినవి, 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు. కరెంటు కొనేదీ మనమే. రోడ్లు చాలావరకు 1961 నుంచి మన సరిహద్దు రోడ్ల సంస్థ దంతక్ ప్రాజెక్టు కింద వేసినవే. ఆ తర్వాతి ప్రాజెక్టుల్లో అప్పు వాటా పెరిగింది, ఇప్పుడు దేశం అప్పు దాని ఏడాది సంపాదన కంటే ఎక్కువ. అయినా ఒక్క పెద్ద కొనుగోలుదారు, ఒక్క స్నేహితుడు, తక్కువ జనం, ఈ లెక్క కుదిరింది. మిగులు కరెంటుతో బిట్‌కాయిన్ తవ్వుతున్నారు, నమ్ముతారా, ఆశ్రమంలా కనిపించే దేశం. నేపాల్‌కి నీళ్లు దీనికంటే చాలా ఎక్కువ, కానీ మనతో చేసుకున్న 1954 కోసీ ఒప్పందం, 1959 గండక్ ఒప్పందం తర్వాత "మన భూమి మునిగింది, నీళ్లు వాళ్లకు పారాయి" అన్న కోపం అక్కడ రెండు తరాలుగా ఉంది. 1996లో మహాకాళి ఒప్పందం మీద సంతకాలయ్యాయి, అందులో అనుకున్న పంచేశ్వర్ డ్యామ్ ఈరోజుకీ లేదు. ఒకప్పుడు చలికాలంలో రోజుకు 16 గంటలు కరెంటు కోత. 2016లో కుల్‌మాన్ ఘీసింగ్ విద్యుత్ సంస్థ పగ్గాలు తీసుకున్నాక అది పోయింది, ఇప్పుడు నేపాల్ మనకు కరెంటు అమ్ముతోంది, మన లైన్ల మీదుగా బంగ్లాదేశ్‌కి కూడా. ఈ మాట ఏ రీల్‌లోనూ రాదు. నేపాల్ అడవుల్ని ఊళ్ల చేతికి అప్పగించి, పాతిక శాతం చుట్టూ ఉన్న పచ్చదనాన్ని పాతికేళ్లలో 45 శాతం దగ్గరికి తెచ్చిందన్నది కూడా రాదు. 2009లో 121 పులులుంటే 2022కి 355.

రాజకీయం దగ్గరికి వస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం వేసేది ఒక్కటే. 2005 ఫిబ్రవరిలో నేపాల్ రాజు జ్ఞానేంద్ర ప్రభుత్వాన్ని తోసేసి అధికారమంతా తన గుప్పిట్లోకి తీసుకున్నాడు. అదే ఏడాది డిసెంబర్‌లో భూటాన్ రాజు, వద్దు మహాప్రభో అని జనం అంటున్నా, నేను దిగిపోతున్నా, ఎన్నికలు పెట్టుకోండి అన్నాడు. 2008 మార్చి 24న భూటాన్‌లో తొలి సాధారణ ఎన్నికలు, ఏప్రిల్ 10న నేపాల్‌లో రాజ్యాంగ సభ ఎన్నికలు. మూడు వారాల తేడా కూడా లేదు. ఒకచోట రాజు ఇచ్చాడు కాబట్టి గౌరవంగా మిగిలాడు, ఇంకోచోట లాక్కున్నాడు కాబట్టి మే 28న రాజరికమే పోయింది. దానికి ముందు పదేళ్ల మావోయిస్టు యుద్ధంలో వేల మంది చచ్చారు. తర్వాత 2015 ఏప్రిల్‌లో భూకంపం, సుమారు 9 వేల మంది పోయారు, ఇంకా శిథిలాలు ఎత్తకముందే సెప్టెంబర్‌లో మనతో ఉన్న సరిహద్దు దిగ్బంధం, గ్యాస్ లేదు, పెట్రోల్ లేదు. ఇవన్నీ మోసిన దేశాన్ని తీసుకొచ్చి "చేతకాదు" అనడానికి నోరెలా వస్తుంది?

అంటే నేపాల్ నాయకులు గొప్పవాళ్లనా? ఛీ. 2008 నుంచి ఒక్క ప్రభుత్వం ఐదేళ్లు నిలబడలేదు, ఆ ముగ్గురు నలుగురే కుర్చీలాట ఆడుకున్నారు. 2025 సెప్టెంబర్‌లో సోషల్ మీడియా మూసేస్తే పిల్లలు రోడ్డెక్కారు, కాల్పులు జరిగాయి, సచివాలయం సింఘ దర్బార్ తగలబడింది, ప్రధాని ఓలీ రాజీనామా చేశాడు. మనవాళ్లు వందల మంది అక్కడ చిక్కుకుంటే ప్రత్యేక విమానంలో విశాఖకు, తిరుపతికి తెచ్చారు, గుర్తుందా. ఆ వారమంతా గ్రూపుల్లో "భూటాన్‌లో ఇలా జరుగుతుందా" అని ఒకటే మెసేజ్‌లు.

జరిగింది సార్. అదే చెప్పడానికి ఇంత దూరం వచ్చాను.

భూటాన్ దక్షిణాన, మన అస్సాం, బెంగాల్ అంచున, నేపాలీ మాట్లాడే రైతులు తరతరాలుగా ఉన్నారు. లోత్సాంపాలంటారు, దక్షిణం వాళ్లని అర్థం. 1958లో వాళ్లకు పౌరసత్వం కూడా ఇచ్చారు. 1985లో కొత్త పౌరసత్వ చట్టం, 1988లో దక్షిణాది జిల్లాల్లో జనగణన, 1958 నాటి శిస్తు రసీదు చూపించు, లేకపోతే నువ్వు విదేశీయుడివి అన్నారు. 1989లో ఒకే దేశం ఒకే జనం అని మగవాళ్లు గో, ఆడవాళ్లు కీరా కట్టాల్సిందే అన్నారు, బడుల్లో నేపాలీ తీసేశారు. ఆ ఎండ ప్రాంతంలో, చలిదేశపు మందపాటి బట్టలు. 1990లో ఊరేగింపులు తీశారు, తర్వాత అరెస్టులు, దెబ్బలు, ఇష్టపూర్వకంగా వెళ్లిపోతున్నామని బలవంతపు సంతకాలు. లక్ష మందికి పైగా దేశం దాటారు. మొత్తం జనాభాలో ఆరో వంతు దాకా ఉంటుంది ఆ లెక్క. అప్పటి ఖైదీలు కొందరు ఇప్పటికీ జైల్లోనే ఉన్నారు. మన రీల్స్‌లో మురిసిపోయే ఆ ఒకే రకం బట్టల అందం ఉంది చూశారా, దానికి ఇదీ ఖరీదు.

వాళ్లు మన దేశంలోకి వచ్చారు, మనం ఉంచుకోలేదు. మేచీ నది దాటి నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ జిల్లాల్లో వెదురు గుడిసెల్లో పడ్డారు. ఎవరి దగ్గర పడ్డారు? ఆ "చేతకాని" దేశం దగ్గర. నేపాల్ పౌరసత్వం ఇవ్వలేదు, పనిచేయడానికి అనుమతి ఇవ్వలేదు, అదీ నిజమే, దాచను. భూటాన్‌తో పదిహేను సార్లు చర్చలు జరిపితే ఒక్కడు కూడా ఇంటికి వెళ్లలేదు. 2007 చివర్లో మొదలుపెట్టి లక్షా పదమూడు వేల మందిని బయటి దేశాలకు పంపారు, ఎక్కువమంది అమెరికా. 2025లో అమెరికా కొందరిని పట్టుకుని భూటాన్ పంపితే, భూటాన్ వాళ్లను మళ్లీ సరిహద్దు దాటించింది, తిరిగి తిరిగి ఝాపాలోనే తేలారు. ఈసారి నేపాల్ పోలీసులూ అరెస్టు చేశారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే శిబిరం.

సంస్కృతి అంటారా, నాకు నచ్చిన సీన్ ఒకటి చెప్తాను. ముక్తినాథ్ మన వైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి, కింద పారే గండకిలోనే మన దేవుడి గదుల్లో ఉండే సాలగ్రామం దొరుకుతుంది. రోడ్డు విరిగి పడి జోమ్‌సోమ్‌కి ముందు మా జీపు ఏడు గంటలు ఆగిపోయింది, డ్రైవర్ కులాసాగా నిద్రపోయాడు, నేను తిట్టని తిట్టు లేదు. మర్నాడు ఆ 3,700 మీటర్ల ఎత్తులో అమ్మ నూట ఎనిమిది ధారల కింద వణుకుతూ తడిసి లోపలికి వెళ్తే, విష్ణుమూర్తి గుడి చూసుకుంటున్నది బౌద్ధ సన్యాసినులు. వాళ్లే ఆమె భుజం మీద శాలువా కప్పారు. "ఈళ్ళు మనోళ్ళేనా రా?" అంది అమ్మ. ఏమని చెప్పను. అక్కడ ఎవరికి వాళ్లు మనోళ్లే, ఎవరూ బట్టలు చూసి లెక్కపెట్టరు. కులపిచ్చి లేదనడం లేదు, దళితుల గతి మనలాగే ఉంది, మన సరిహద్దు వైపు మైదానాల్లో ఉండే మధేసీలను చిన్నచూపు చూస్తారు. కానీ దాని మీద అక్కడ టీకొట్టు దగ్గర గొంతు చించుకుని కొట్లాడుకుంటారు. థింఫూలో లోత్సాంపాల మాటెత్తితే మా గైడ్ చిరునవ్వుతో వాతావరణం గురించి మాట్లాడాడు. పాపం అతన్ని అనను, ఉద్యోగం.

పిల్లలు మాత్రం రెండు చోట్లా వెళ్లిపోతున్నారు. మా చిన్నాయన జగిత్యాల నుంచి వెళ్లి పద్దెనిమిదేళ్లు దోహాలో చేశాడు, రూమ్‌లో ఆరుగురిలో ముగ్గురు నేపాలీలు, పప్పూ అన్నం కలిపి వండుకునేవారు. నేపాల్ ఆదాయంలో దాదాపు పావు వంతు ఇలా బయటినుంచి వచ్చే డబ్బే. భూటాన్ పిల్లలేమో కాస్త చదువుకుని ఆస్ట్రేలియా, 2024లో రాజుగారే పెర్త్ దాకా వెళ్లి తన జనాన్ని కలవాల్సి వచ్చింది. ఒకరిది లేబర్ క్యాంపు, ఒకరిది స్టూడెంట్ వీసా. సంతోషం లెక్క ఇక్కడ ఎవరిదీ తేలదు.

భూటాన్‌లో మనిషికి రాత్రికి 1,200 రూపాయల ఫీజు, ముగ్గురికి ఆరు రాత్రులు, 21,600 కట్టాం. కట్టినందుకు బాధ లేదు. తిరుగు ప్రయాణంలో బాగ్‌డోగ్రా ఫ్లైటు సాయంత్రానికి మారింది, చేతిలో సగం రోజు. నేపాల్ అంచున ఉన్న కాకర్‌భిట్టా దగ్గరే కదా అని మేచీ వంతెన దాటి టీ తాగడానికి వెళ్లాం. కొట్లో ఒక పెద్దాయన ఎక్కడినుంచి వస్తున్నారని హిందీలో అడిగాడు. భూటాన్ అనగానే కప్పు కింద పెట్టాడు. "చిరాంగ్ వెళ్లారా? నారింజ తోటలున్నాయా ఇంకా?" మేం ఆ దక్షిణం వైపు వెళ్లలేదు, పారో, థింఫూ, పునాఖా అంతే అన్నాను. మరేం మాట్లాడాలో తెలియక, థింఫూ ఫొటోలున్నాయి చూస్తారా అని ఫోన్ తీశాను.

చూపించు బాబూ అన్నాడు, మా రాజధాని నేనెప్పుడూ చూడలేదు.