రాజీనామాకు రాజుగారి కొలువు

బ్రిటన్‌లో ఎంపీ కావాలని ఉబలాటపడేవారికి ముందే ఒక హెచ్చరిక. లోపలికి వెళ్లడం సుళువే. నియోజకవర్గంలో పదిమంది ఓటర్ల సంతకాలు, 500 పౌండ్ల డిపాజిట్ ఉంటే నామినేషన్ వేసేయొచ్చు. పోలైన ఓట్లలో 5 శాతం దాటకపోతే ఆ డబ్బుకి నీళ్లొదులుకోవాలి, అంతే.

గెలిచినా కూర్చోవడానికి చోటు గ్యారంటీ లేదు. ఎంపీలు 650 మంది, సభలో చోటు 427 మందికే. పొద్దున్నే వెళ్లి బెంచీ మీద ప్రేయర్ కార్డు పెట్టి, సభ మొదలయ్యేటప్పుడు గోడవైపు తిరిగి ప్రార్థనలో నిలబడ్డవారికే ఆ రోజుకి సీటు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసే విద్యే, కాకపోతే దేవుడి సాక్షిగా. ఇక ఓటింగ్ గంట మోగితే 8 నిమిషాల్లో లాబీలోకి, అంటే ఓటు వేసే వసారాలోకి, చేరాలి. ఆ తర్వాత తలుపులు మూసేస్తారు.

అసలు చిక్కంతా బయటపడటంలో ఉంది. ఎన్నికైన సభ్యుడు మధ్యలో వదిలేసి పోకూడదని 1624లో సభ తీర్మానించింది. ఇప్పటికీ అంతే. అలాగని కట్టిపడేయడం మర్యాద కాదు గనక, పెద్దమనుషులు ఒక దొడ్డిదారి పెట్టారు. రాజుగారి దగ్గర లాభదాయక పదవి పుచ్చుకున్నవాడు ఎంపీగా ఉండకూడదు. కాబట్టి మానేయాలంటే కొత్త ఉద్యోగంలో చేరాలి. ఆర్థికమంత్రికి అర్జీ పెట్టుకుంటే చిల్టర్న్ హండ్రెడ్స్‌కో, నార్త్‌స్టెడ్ మేనర్‌కో స్టీవార్డుగా, అంటే రాజుగారి భూముల పర్యవేక్షకుడిగా, నియమిస్తారు. జీతం లేదు, పని లేదు, లాభదాయకమని మాత్రం చట్టం అంటుంది. మొదటిది బకింగ్‌హామ్‌షైర్‌లో ఒకప్పుడు దారిదోపిడీలకు పేరుమోసిన అడవిసీమ. రెండోది స్కార్‌బరోలో ఎప్పుడో పాడుబడిన జమీ. పేరు గొప్ప, ఊరు దిబ్బ. టోనీ బ్లెయిర్ 2007లో, డేవిడ్ కామెరాన్ 2016లో, బోరిస్ జాన్సన్ 2023లో ఈ కొలువుల్లో చేరే బయటపడ్డారు. ప్రధానిగా దేశాన్ని ఏలినవాళ్లకి చివరికి దక్కింది దొంగలు లేని అడవికో, పాడుబడిన జమీకో కాపలా.

మన రాజ్యాంగంలోని 102వ అధికరణకూ మూలం ఈ లాభదాయక పదవి నిబంధనే. దాని కిందే 2006లో జయా బచ్చన్ రాజ్యసభ సభ్యత్వం పోయింది. మనవాళ్లకు గండం, వాళ్లకు గుమ్మం.

బ్రిటన్‌లో ఇలా బయటపడటంలో పొరపాట్లు రెండుచోట్ల జరుగుతాయి. ఒకటి, నోటితో చెప్పేసి అర్జీ పెట్టకపోవడం. కన్సర్వేటివ్ ఎంపీ నాడీన్ డోరిస్ 2023 జూన్ 9న 'తక్షణం' తప్పుకుంటున్నానన్నారు. స్టీవార్డు అయ్యింది ఆగస్టు 29న. ఆ తక్షణం 81 రోజులు సాగింది, జీతంతో సహా. రెండోది, ఉత్తరం తప్పు చిరునామాకి రాయడం. 2011లో ఐర్లాండ్ ఏకీకరణ కోరే షిన్ ఫేన్ పార్టీ నాయకుడు, ఎంపీ జెర్రీ ఆడమ్స్ స్పీకర్‌కి రాజీనామా రాశారు. అది చెల్లదు. ఆర్థికశాఖ దాన్నే అర్జీగా భావించి, బ్రిటిష్ రాజరికాన్నే ఒప్పుకోని మనిషిని నార్త్‌స్టెడ్‌కి రాణిగారి స్టీవార్డుని చేసింది. ఆ పదవి నేను పుచ్చుకోలేదని ఆయన మొత్తుకున్నారు. పుచ్చుకోనక్కర్లేదు, వేస్తే చాలు.

మరి ఆ స్టీవార్డు కొలువు వదిలేదెప్పుడంటారా? మామూలుగా అయితే, ఇంకో ఎంపీ విసిగిపోయి అదే కొలువుకి వచ్చేదాకా ఆగడమే.