ఆడిటర్ గారికి తెలియని లెక్క

"లెక్కలన్నీ మా ఆడిటర్ గారు చూసుకుంటారు" అనే మాట వింటే ఈమధ్య నాకు ఒళ్లు మండుతోంది. మొన్న ఆదివారం విజయవాడ సింగ్‌నగర్‌లో టీ కొట్టు దగ్గర మా పక్కవీధి మొబైల్ షాపు తమ్ముడు అదే అన్నాడు. నెలకి నాలుగు లక్షల బేరం అవుతోందట. అయినా నెలాఖరుకి అద్దె కట్టడానికి చేబదులు వెతుక్కుంటున్నాడట. మరి డబ్బు ఎటు పోతోందిరా అంటే, "ఏమోనన్నా, ఆడిటర్ గారినే అడగాలి" అన్నాడు.

ఒరేయ్ బాబూ, ఆయన దగ్గర ఉండేది గవర్నమెంటుకి చెప్పాల్సిన లెక్క. ఎనిమిదో తారీఖునో తొమ్మిదో తారీఖునో నువ్వు బిల్లులన్నీ ఫొటోలు తీసి వాట్సాప్‌లో కుమ్మరిస్తావు. ఆయన జీఎస్టీకి 11లోపు అమ్మకాల రిటర్ను, 20లోపు పన్ను రిటర్ను వేసిపెడతాడు. మూడు నెలలకోసారి వేసేవాళ్లకి తారీఖులు వేరు, అది వేరే సంగతి. ఆయన పని అంతవరకే, అది ఆయన బాగానే చేస్తాడు. ఎవరు నీకు ఎంత బాకీ ఉన్నారో, పొద్దున్నే పాల ప్యాకెట్లకి గల్లాలోంచి ఎంత తీశావో ఆయనకేం తెలుస్తుంది?

నేనేదో పుట్టుకతో లెక్కల మనిషినని చెప్పుకోవట్లేదు. నాది పైపులు, శానిటరీ సామాన్ల షాపు. 2024 సెప్టెంబరు 1 దాకా నేనూ ఆ తమ్ముడిలాంటివాణ్ణే. ఆ ఆదివారం బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది. నీళ్లు దిగడానికి వారం పైనే పట్టింది. షట్టరు ఎత్తితే అడుగున బురద. ప్లాస్టిక్ పైపులకి ఏం కాలేదు, కడిగి పెట్టాం. మోటార్లు, గీజర్లు, అట్టపెట్టెల్లో ఉన్న కుళాయిలు పోయాయి. అవి పోతాయని షట్టరు ఎత్తకముందే తెలుసు. నేను మర్చిపోయింది కౌంటరు కింది సొరుగులో ఉన్న అరువు పుస్తకం.

దాన్ని డాబా మీద ఆరేసి, పేజీ పేజీకీ చిన్న రాయి పెట్టి రెండ్రోజులు ఎండబెట్టా. అందులో తేలిందేంటంటే, బాల్ పెన్నుతో రాసిన పద్దులు కష్టపడితే చదవొచ్చు, జెల్ పెన్నుతో రాసినవన్నీ నీలం మరకలు. బాగా రాస్తుంది నాన్నా అని మా అమ్మాయి ఇచ్చిన పెన్ను అది, జూన్ నుంచి దాంతోనే రాస్తున్నా. అంటే కొత్త బాకీలన్నీ మరకలే. బయట దాదాపు నాలుగు లక్షలు ఉండాలని అంచనా. అంచనా అనాల్సి రావడమే నా అసలు సిగ్గు. అందులో రెండున్నర లక్షల దాకా వచ్చాయి. అవీ నేను అడిగితే కాదు, వాళ్లంతట వాళ్లే వచ్చి చెబితే. ఇల్లు మునిగిపోయిన ఒక ప్లంబరు దసరా ముందు వచ్చి "నాది పద్దెనిమిది వేలు అనుకుంటా అన్నా, నెలకి రెండు వేలు ఇస్తా" అన్నాడు. అతని పేజీ మొత్తం నీలమే. సున్నా అన్నా నేను నమ్మాల్సిందే. ఇంకొకాయన, మూడంతస్తుల ఇల్లు కడుతున్నాయన, "నేనెప్పుడో ఇచ్చేశా కదండీ" అన్నాడు. నా దగ్గర ఏ కాగితం ఉందని వాదిస్తాను?

దీనికంటే పెద్ద దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర తగిలింది. సీసీ లోన్ (సరుకు చూపించి బ్యాంకులో కావాల్సినప్పుడు వాడుకునే అప్పు) ఉంది కాబట్టి సరుకుకి పాలసీ ఉంది. లోన్ ఉన్నవాళ్లు బ్యాంకుకి నెలనెలా ఎంత సరుకుందో చెప్పే స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని తెలిసిందే. నేనేం చేసేవాణ్ణంటే, పోయిన నెలదే తీసి తారీఖు మార్చి సంతకం పెట్టి పంపేవాణ్ణి. మీలో కనీసం సగం మంది ఇదే చేస్తున్నారని నా అనుమానం. నష్టం లెక్కకట్టడానికి ఇన్సూరెన్స్ సర్వేయరు గారు వచ్చి మూడు నెలల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని నెమ్మదిగా అడిగాడు: "మే, జూన్, జులై ఒకటే అంకె ఎలా వచ్చిందండీ? మూడు నెలలు ఒక్క ఎల్బో పైపు ముక్క కూడా అమ్మలేదా?" కొన్న బిల్లులు కొన్ని ఆన్‌లైన్‌లో దొరికాయి, ఆ మేరకు క్లెయిము వచ్చింది. మిగతాదానికి నేను ఎవర్నీ తిట్టలేను.

అప్పట్నుంచి ఒక్కో లెక్కా విప్పి చూడటం మొదలుపెట్టా. మొదట తెలిసింది అరువు ఖరీదు. మన దగ్గర అరువు లేకుండా షాపు నడవదు, నాకు తెలుసు. కానీ ఒకసారి కాగితం తీసుకోండి. 8,800కి కొన్న సరుకు 10,000కి మేస్త్రికి అరువిచ్చాననుకోండి. రెండు వైపులా 18 శాతం జీఎస్టీ. కొన్నప్పుడు నేను కట్టింది 10,384. మేస్త్రికి రాసిన బిల్లు 11,800. ఆయన పైసా ఇవ్వకపోయినా సరే, బిల్లు రాశా కాబట్టి అమ్మినప్పటి పన్ను 1,800లోంచి కొన్నప్పటి 1,584 పోగా తేడా పన్ను 216 వచ్చే నెల 20కల్లా నేనే కట్టాలి. మొత్తం 10,600 నా చేతి డబ్బు ఆయన దగ్గర ఇరుక్కుంది. అది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బయితే నెలకి 212. నాకు మిగలాల్సిన లాభం 1,200. ఆరు నెలలు నిండేసరికి వడ్డీయే 1,272. అద్దె, కుర్రాళ్ల జీతాలు, కరెంటు బిల్లు ఇందులో ఇంకా కలపనేలేదు.

అందుకే ఇప్పుడు మా షాపులో పాత బాకీ రెండు నెలలు కదలకపోతే కొత్త సరుకు రొక్కానికే. మొదట్లో ఇద్దరు ముగ్గురు మొహం మాడ్చుకుని వేరే షాపుకి వెళ్లారు. అమ్మకం కొంచెం తగ్గింది. నేను అప్పు తీసుకోవడం అంతకంటే ఎక్కువ తగ్గింది.

తగ్గింపు సంగతీ అంతే. వంద రూపాయల వస్తువుకి ఇరవై వేసుకుని 120 చెప్తాం. "ఎప్పుడూ నీ దగ్గరకే వస్తా కదా" అనగానే మొహమాటానికి పది శాతం తగ్గిస్తాం. పోయింది పన్నెండు, ఇరవైలో పన్నెండు.

ఇక గల్లాపెట్టె. కూరగాయలు, పెట్రోలు, అమ్మాయి కాలేజీ ఫీజు, మా బామ్మర్ది గృహప్రవేశానికి చదివింపులు, అన్నీ అందులోంచే వెళ్లేవి. నేను షాపు నష్టాల్లో ఉందనుకునేవాణ్ణి. మా ఆవిడేమో నేను ఎక్కడో డబ్బు దాస్తున్నానని అనుకునేది. ఇప్పుడు నాకు నేను జీతం వేసుకుంటున్నా, ప్రతి నెలా ఐదో తారీఖున 35,000, షాపు ఖాతాలోంచి ఇంటి ఖాతాకి. మొదటి మూడు నెలలూ ఇరవయ్యో తారీఖుకే అయిపోయింది. షాపు బాగానే ఉంది, ఖర్చు పెరిగింది ఇంట్లోనని అప్పుడు అర్థమైంది. పోయిన నెల ఆరో తారీఖు వచ్చినా వేయకపోతే వంటింట్లోంచి "ఏవండీ, మీ ఓనరు జీతం ఎగ్గొట్టేలా ఉన్నాడు" అని వినబడింది. బామ్మర్ది మొన్న ఒక గీజరు పట్టుకెళ్లాడు. అది కూడా "ఇంటి వాడకం" అని పద్దు రాసి నా జీతంలోంచే కోశా. ఇది ఇంట్లో ఇంకా చెప్పలేదు.

రెండు ఖాతాలు ఎందుకు, ఒక్కటి చాలదా అనేవాళ్లకి ఒక సంగతి గుర్తు చేస్తా. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ వసూళ్లు చూసి చిన్న వ్యాపారులకి పన్ను నోటీసులు ఇచ్చినప్పుడు మన విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లోనూ క్యూఆర్ కోడ్‌లు పీకేద్దామా అని ఒకటే గోల. సరుకు అమ్మేవాళ్లకి మన రాష్ట్రంలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి 40 లక్షల అమ్మకం. బావ తిరిగిచ్చిన చేబదులు, చీటీ పాడిన డబ్బు, అమ్మకం డబ్బు అన్నీ ఒకే స్కానర్‌లో "రిసీవ్డ్" అని మోగుతుంటే, ఏది బేరమో ఏది కాదో రేపు ఎవరైనా అడిగితే ఎలా విడదీసి చూపిస్తారు? కోడ్ పీకడం కంటే ఇంకో ఖాతా తెరవడం సులువు కదా.

డైలీ ఫైనాన్స్ గురించి కూడా ఒక మాట. మా షాపు ముందు టిఫిన్ బండి ఆవిడ పదివేలు తీసుకుంటే చేతికి తొమ్మిది వేలే ఇచ్చారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "వెయ్యేగా అన్నయ్యా, పది శాతం" అంది. కానీ ఆ తొమ్మిది వేలూ వంద రోజులు ఆవిడ దగ్గర ఉండవు, మర్నాటి నుంచే కరుగుతూ వస్తాయి. సగటున చేతిలో ఉండేది నాలుగున్నర వేలు, దాని మీద మూడు నెలల పది రోజులకి వెయ్యి. ఏడాదికి వేస్తే 75 శాతం పైమాటే. ఇడ్లీ పిండి లెక్క ఆవిడకి గ్లాసుతో సహా తెలుసు, ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోన్‌కి తిరుగుతోంది ఇప్పుడు, కాగితాలు నేనే రాసిచ్చా.

పన్ను డబ్బు కూడా మనది కాదు. మన గల్లాలో కొన్నాళ్లు ఉంటుంది, అంతే. నేను శనివారం శనివారం ఆ వారం తేడా పన్ను ఎంతో చూసి వేరే ఖాతాలో పడేస్తా. ఒకసారి వాడేసుకుని 20 దాటించా. కట్టాల్సిన పన్ను ఉంటే ఆలస్యానికి రోజుకి 50 రూపాయలు, పైన 18 శాతం వడ్డీ. నాకు సరుకు అమ్మిన ఒక హోల్‌సేల్ ఆయన తన రిటర్ను వేయక నా క్రెడిట్టు (కొన్నప్పుడు కట్టిన పన్నుని నేను కట్టాల్సినదాంట్లోంచి తగ్గించుకునేది) ఆగిపోయింది ఒక నెల. ఆయన బిల్లు నా చేతిలో ఉంది, డబ్బు ఇచ్చేశా, అయినా జీఎస్టీ పోర్టల్‌లో కనబడదు. దాని మీద రాయాలంటే ఇంకో పోస్టు కావాలి, ఈ వయసులో బీపీ ఎందుకు.

సాఫ్ట్‌వేర్ ఏది వాడుతున్నావు అన్నా అని అడుగుతారు. బిల్లింగుకి ఒకటి ఉంది. మిగతాదంతా పొడుగు పుస్తకం, బాల్ పెన్ను. రాత్రి తొమ్మిదింబావుకి షట్టరు సగం దించి, పొద్దున గల్లాలో పెట్టిన రెండు వేల చిల్లరకి రొక్కం అమ్మకం కలిపి, ఖర్చులు తీసేసి, నోట్లు లెక్కపెడతా. పేజీ ఫొటో తీసి మా ఆవిడ ఫోనుకి పంపుతా. మళ్లీ నీళ్లొచ్చినా ఆ ఫోను మేడ మీద ఉంటుంది. అంతా కలిపి ఇరవై నిమిషాలు. పోయిన వారం 340 తగ్గింది. పావుగంట జుట్టు పీక్కున్నాక కుర్రాడు గుర్తు చేశాడు: రిక్షా అతనికి 300, టీలకి 40.

నిన్న రాత్రి 60 రూపాయలు ఎక్కువొచ్చాయి. ఎవరికో చిల్లర తక్కువ ఇచ్చుంటా. ఎవరో ఇంకా తేలలేదు, పేజీ చివర "60 ఎక్కువ" అని రాసి పెట్టా.