షేక్ అనే ఆంగ్ల క్రియాపదానికి విజయనగరం నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ షేక్ క్రియాపదం గారి సముఖానికి,

విజయనగరంలో పిల్లలకు ఆంగ్ల వ్యాకరణం చెప్పుకొని బతుకుతున్న ఒక మాస్టారు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

మా ఇళ్లలో చలికి ఒళ్లు వణుకుతుంది, వీధిలో లారీ వెళితే కిటికీ అదురుతుంది, మందు సీసాను కుదుపుతాం, దుప్పటిని దులుపుతాం, తడి చేతిని విదిలిస్తాం. ఇంతమంది పంచుకున్న కొలువులన్నిటినీ తమరు ఒంటిచేత్తో చక్కబెడుతున్నారని విన్నప్పటి నుంచి మా క్రియాపదాలకు ఉద్యోగ భద్రత మీద బెంగ పట్టుకుంది. పైగా చెట్టు తనంతట తాను ఊగినా, ఎవరో దాన్ని పట్టుకొని ఊపినా తమ రూపం మారదు. చేసినవారెవరో ఒక్క అక్షరంతో తేల్చే సౌకర్యం మాకుంది కాబట్టి, తమ నిర్లక్ష్యం మాకు కొంత వింతగానే తోస్తుంది.

అన్ని ఊగుళ్లూ తమవేనని నమ్మిన మా పిల్లలు పైడితల్లి అమ్మవారి పండుగ గురించి రాసే వ్యాసాల్లో మాత్రం నిలువునా మోసపోతున్నారు. విజయదశమి తరవాతి మంగళవారం పూజారిని కొసన కూర్చోబెట్టుకొని సిరిమాను అనే పొడవాటి చెట్టు మాను వేలాది జనం మీదుగా ఊగుతూ సాగుతుంది. ఆ ఊపును తమతో చెప్పిస్తే, చదివిన ఆంగ్లేయుడు మాను విరిగిపడబోతోందని హడలిపోయి పోలీసులను పిలుస్తాడు. చిన్నగా, గబగబా, ముందుకూ వెనక్కూ కదిలితేనే తమ అధికారం చెల్లుతుందట. విశాలంగా, నింపాదిగా ఊగే కదలిక స్వే అనే మరో ఆంగ్ల క్రియాపదం గారి సొత్తట. ఈ సరిహద్దు తగాదా ముందే చెప్పి ఉంటే పిల్లలకు మార్కులు దక్కేవి.

తమ భూతకాలం గురించి ఎక్కువ మాట్లాడను. టేక్ టుక్ అయినట్టే తమరు షుక్ అయ్యారు, బాగానే ఉంది. బేక్ మాత్రం ఎందుకు బుక్ కాలేదని అడిగిన పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించడం తప్ప నాకు గత్యంతరం కనిపించలేదు. కరచాలనం చేసినప్పుడు తానొక్క చేయే ఇచ్చానని, హ్యాండ్స్ అని ఎందుకు రాయాలని మరొకడు నిలదీశాడు. రెండో చేయి ఎదుటివాడిదని చెప్పి గట్టెక్కాను.

అసలు ప్రమాదం తల దగ్గర ఉంది. మా జిల్లాలో పెళ్లిచూపులకు వచ్చిన వరుణ్ణి పిల్ల నచ్చిందా అని పెద్దలు అడిగితే, అతడు తల ఊపితే సంబంధం కుదిరినట్టే. ఆ మాటనే తమ సాయంతో ఆంగ్లంలోకి మార్చి విదేశంలోని మేనమామకు ఉత్తరం రాస్తే, ఆయన సంబంధం తప్పిపోయిందని బాధపడి ఓదార్పు ఉత్తరం పంపిస్తాడు. తమరు తలను పట్టుకుంటే కాదని అర్థం. అవుననడానికి నాడ్ అనే మరో పదాన్ని వేరే జీతమిచ్చి పెట్టుకోవాలట. నిలువుకూ అడ్డానికీ నడుమ ఏటవాలుగా తల తిప్పి అవుననే మా అలవాటుకు తమ ఇద్దరిలో ఎవరు జవాబుదారీ వహిస్తారో ఇంతవరకు తేలలేదు.

కాబట్టి మా ప్రాంతపు తలల మీద తమ అధికారాన్ని వదులుకోవలసిందిగా కోరుతున్నాను. ఇందుకు సమ్మతమైతే తమరు తల ఊపవచ్చు. ఏ వైపుకు ఊపారో మాత్రం దయచేసి లిఖితపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
ఒక ఆంగ్ల వ్యాకరణ మాస్టారు,
విజయనగరం